మేక చెమట

మేక గడ్డం మీద వెంట్రుకంత గీత ఉంది. భీమశంకరం స్క్రీన్ మీద పెన్ను ఒకసారి ఆనించాడు, గీత పోయింది. తర్వాతి ఫ్రేములో చెవి పక్కన దుమ్ము, అదీ పోయింది. అందరూ స్క్రాచ్ నుంచి మొదలుపెట్టి పైకొస్తారు. ఆయన మాత్రం ఇన్నేళ్ళుగా స్క్రాచ్ దగ్గరే ఉన్నాడు.

మోరిస్‌విల్‌లో టైర్ల షాపు వెనక, కిటికీల్లేని పొడుగాటి షెడ్డు ఆ ల్యాబ్. నూరేళ్ళ కిందటి మూకీ కార్టూన్లు తుప్పు డబ్బాల్లో అక్కడికొస్తాయి. స్కాన్ చేశాక ఒక్కో ఫ్రేమూ చేత్తో తుడవాలి. పాత ఫిల్ము కుళ్ళితే మాసిన మేజోళ్ళ వాసనొస్తుంది. మనిషి కుళ్ళుకుంటే ఏ వాసనా రాదు. అందుకే పక్క సీట్లో సుందర్ రాజ్‌కి ఇంతకాలం ఏమీ తెలియలేదు.

భీమశంకరం సన్నటి మనిషి. స్క్రీన్‌లోకి వంగీ వంగీ మెడ కొడవలిలా తయారైంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం లేఆఫ్‌లో పోయినప్పుడు, ఏదో దొరికేదాకా అని ఇందులో చేరాడు. ఏదీ దొరకలేదు, ఇది వదల్లేదు. ఇంట్లోనూ చేతిలో గుడ్డ ఉండాల్సిందే. “మీరు తుడిస్తే గ్రానైట్ మీద డిజైన్ కూడా పోతుంది” అంటుంది భార్య సుధ.

సుందర్ రాజ్ ఆయన తర్వాత చేరినవాడు. బొద్దుగా ఉంటాడు, పని చేస్తూ చర్చి పాటలు లోలోపల పాడుకుంటాడు. వచ్చిన ఏడాదికే ముఖాలున్న షాట్లన్నీ అతని చేతికెళ్ళాయి, ఆకాశాలూ గోడలూ భీమశంకరానికి మిగిలాయి. శుభ్రం చేసిన ప్రతి సినిమా చివరా తుడిచినవాడి పేరుతో ఒక కార్డు పడుతుంది. ఒక సినిమాకి ఒక్క పేరే. ఈమధ్య పడ్డ కార్డులన్నీ సుందర్ పేరు మీదే. భీమశంకరానికి గ్రీన్‌కార్డు వచ్చింది, ఎండ్‌కార్డే రాలేదు.

ఈ మేక కార్టూన్‌ని ల్యాబ్ హెడ్ ఛాయాదేవి ఇద్దరికీ చెరిసగం పంచింది. ఎప్పుడో మూతబడ్డ చిన్న స్టూడియోది. గీసినవాళ్ళెవరో ఎవరికీ తెలియదు. రైలు వంతెన మీద మేక తాపీగా గొడుగు నములుతుంటుంది, ఎదురుగా రైలొస్తుంది. ఆ షాట్ భీమశంకరం వాటాకి వచ్చింది. ఇవాళ లంచ్ అయ్యాక స్క్రీనింగ్. ఎవరి సగం బాగుంటే కార్డు వాళ్ళది.

తుడిచేవాళ్ళకి ఒక సూత్రం ఉంది. రెండు ఫ్రేముల్లో కనిపిస్తే బొమ్మ, ఒక్క ఫ్రేములోనే కనిపించి మాయమైతే మురికి. రైలుని చూసిన ఫ్రేములో మేక నుదుటి చుట్టూ నల్లటి చుక్కలు చిందరవందరగా ఉన్నాయి. తర్వాతి ఫ్రేములో లేవు. భీమశంకరం ఒక్కటి కూడా మిగల్చకుండా లేపేశాడు. మేక ముఖం కడిగిన పళ్ళెంలా మెరిసింది.

సుందర్ కుర్చీ వెనక్కి జరిపి చూశాడు. “శంకరం గారూ, చాలా నీట్‌గా చేశారండీ. ఆ చుక్కలు మాత్రం ఒకసారి చెక్ చేస్తారా?”

“నా సగం నేను చూసుకుంటాలే సుందర్. నీ మేక నువ్వు మేపుకో.”

సుందర్ నవ్వి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

లంచ్‌కి సుందర్ సీట్లోంచి లేవలేదు. భీమశంకరం బ్రేక్ రూమ్‌లో పెరుగన్నం కలుపుతూ, అద్దం తలుపులోంచి ఆ బొద్దు వీపునే చూశాడు. ఇంకా మెరుగులు దిద్దుతున్నాడు కాబోలు. తిన్నది అరగలేదు. కడుపులో మంట పెట్టుకుంటే అన్నం మాడుతుంది గానీ అరుగుతుందా?

స్క్రీనింగ్ రూమ్‌లో దీపాలార్పారు. మేక గొడుగు నమిలింది. రైలొచ్చింది. మేక తలెత్తింది, నుదుటి నుంచి చెమట చుక్కలు నలువైపులా ఎగిరిపడ్డాయి. శబ్దం లేని సినిమాలో అది కేక. ఛాయాదేవి పగలబడి నవ్వింది.

“భలే శంకరం గారూ. ఇంకెవరైనా అయితే డస్ట్ అనుకుని క్లీన్ చేసేసేవాళ్ళు. ఈసారి కార్డు మీదే.”

తన చేత్తో లేపేసిన చుక్కలవి. ఒక్కొక్కటీ తన చోటికే తిరిగొచ్చింది. లంచ్ మానేసి ఎవరు తిరిగి పెట్టారో చెప్పక్కర్లేదు. భీమశంకరం నోరు తెరిచాడు. చీకట్లో పక్కకి చూస్తే సుందర్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. నోరు మూసుకున్నాడు. మూకీ సినిమాల్లో పనిచేస్తే అదే అలవాటవుతుంది. కృతజ్ఞత రావాల్సిన చోట, మంచితనంలో కూడా వీడే ముందా అన్న మంట వచ్చింది.

దీపాలు వెలిగాక ఛాయాదేవి మామూలుగా అంది. “సుందర్‌కి ఇవాళ లాస్ట్ డే. ఊరు మారి ప్లేనో వెళ్ళిపోతున్నాడు. కేకు వద్దన్నాడు.”

తలుపు దగ్గర సుందర్ చెయ్యి చాపాడు. “వందనాలండీ. ముఖాలు ఇక మీకే కదా.”

“ఆ చుక్కలు...”

“పాపం, మేక భయపడకపోతే ఎలాగండీ” అని బ్యాగు భుజానికెత్తుకున్నాడు.

భీమశంకరం థాంక్స్ అనబోయాడు. “ప్లేనోలో ఎండలెక్కువ, జాగ్రత్త” అన్నాడు.

కారు వెళ్ళిన చప్పుడయ్యాక సీటుకొచ్చాడు. పక్క బల్ల ఖాళీ. బల్ల అంచున, స్క్రీన్ మీద గీసేటప్పుడు చెయ్యి సాఫీగా జరగడానికి వేసుకునే నల్ల గ్లవ్ ఒకటి, రెండే వేళ్ళది, లోపలివైపు బయటికి తిరిగి, ఆ బొద్దు వేళ్ళ ఉబ్బు ఇంకా తగ్గకుండా పడి ఉంది.