సర్వరు కోసం వచ్చిన పెట్టె

చైత్రమాసంలో అరకు ఘాట్ రోడ్డు మీద అర్జెంటు పని పెట్టుకునేవాడికి బుద్ధి తక్కువని అరకులో ఎవరినడిగినా చెబుతారు. అది ఇటుకల పండగ నెల. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా దుంగ పడేసి, వచ్చిన బండినల్లా ఆపి పజోరు అడుగుతారు. పజోరంటే పండగ మామూలు. ఇస్తే దుంగ లేస్తుంది. ఇవ్వనన్నవాడు బండి దిగి వాళ్లతో చేతులు కలిపి థింసా ఆడాలి. ఈ సంగతి తెలియని పెద్దమనుషులు విశాఖపట్నంలో బోలెడుమంది ఉన్నారు, వాళ్లలో మోహన్‌కృష్ణ ఒకడు.

అతను ఇంజనీరు. అరకులోని కాఫీ రైతుల కార్యాలయానికి కంప్యూటర్ అప్లికేషన్ రాసిచ్చిన కంపెనీ మనిషి. వానలకి ముందు ఏ రైతుకి ఎన్ని కాఫీ మొక్కలు కావాలో అందులో నమోదు చేస్తారు. చేస్తారన్నమాటే గాని, అందులో పెద్ద ఊళ్లే తప్ప కొండల మీది గూడేల పేర్లు లేవు. కిందటి శుక్రవారం సంతకి నడిచి వచ్చినవాళ్లను "మీ ఊరు కంప్యూటర్లో లేదు" అని వెనక్కి పంపాల్సి వచ్చింది. పంపింది ఆ ఆఫీసులో పనిచేసే స్వర్ణే. వాళ్లలో ఆమె మేనమామ కూడా ఉన్నాడు. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వుకి స్వర్ణకి రెండు రోజులు అన్నం సయించలేదు.

స్వర్ణది డుంబ్రిగూడ పైన కొండమీది గూడెం. విశాఖలో ఎంసీఏ చదివి, ఈ ఆఫీసులో సర్వరు గది చూసుకుంటోంది. రెండు నెలలు కొండలన్నీ తిరిగి నూట నలభై గూడేల పేర్లు రాసుకొచ్చింది. అవన్నీ చేర్చిన కొత్త అప్లికేషన్‌ని కంపెనీ ఇప్పటికి రెండుసార్లు ఎక్కించింది. రెండుసార్లూ పాత పేజీలే వచ్చాయి. విశాఖలోని హెడ్డాఫీసుకి విసుగొచ్చింది. గురువారం సాయంత్రం ఐదింటికల్లా కొత్తది నడవకపోతే సర్వరుని విశాఖకి దించేస్తామని చెప్పేశారు. సర్వరు అక్కడికి పోతే, గూడెం పేరు చెప్పినప్పుడల్లా అది ఊరా, వాగా అని అడుగుతారని స్వర్ణకి తెలుసు. అందుకే అది ఇక్కడే ఉండాలని ఆమె పంతం.

ఆ గురువారం పదింటికి రావలసిన మోహన్‌కృష్ణ రాలేదు. పన్నెండింటికి ఫోను మాత్రం వచ్చింది.

"స్వర్ణా, ఇక్కడ రోడ్డుకి దుంగ అడ్డం వేశారు. ఇది మూడోది."

"పజోరు ఇచ్చేయండి సార్. ఎంతిచ్చినా తీసుకుంటారు."

"ఇస్తానన్నాను. కంపెనీకి రసీదు కావాలి, రాసివ్వమన్నాను. అంతే, అందరూ ఒకటే నవ్వు. నన్ను పట్టుకుని ఆడిస్తున్నారు!"

స్వర్ణ నవ్వు ఆపుకుంది. ఇటుకల పండగలో రసీదు అడిగినవాడు ఈ భూమ్మీద ఇతనొక్కడే అయ్యుంటాడు. ఆ కబురు జీపుకన్నా ముందు పై ఊళ్లకి చేరిపోయి ఉంటుంది. ఆఫీసుకి చేరాలంటే ఇంకా ఏడు దుంగలు దాటాలి. ఐదులోపు అతను రావడం కల్ల.

"సార్, ఫైలు రాత్రే సర్వరులోకి దిగింది. నేను పెట్టేయనా?"

డప్పుల మోతలో అతను గట్టిగా అరిచాడు. "సరే. సర్వరు ఆపి, ఫైలు డిప్లాయ్ ఫోల్డర్లో వేసి, మళ్లీ స్టార్ట్ చెయ్యి. అంతే. ఇంక దేన్నీ ముట్టుకోకు. ఉన్నది పోయిందంటే నా ఉద్యోగం... వస్తున్నానమ్మా, లాగకండి!" ఫోను తెగిపోయింది.

ఆ ఫైలులో పేజీలు, ప్రోగ్రాములు, గూడేల జాబితా అన్నీ ఒకే మూటగా కట్టి ఉంటాయి. మూటని ఆ ఫోల్డర్లో పడేస్తే విప్పుకుని నడిపించుకోవడం సర్వరు పని. స్వర్ణ చెప్పినట్టే చేసింది. తప్పేమీ లేదని చెప్పింది సర్వరు. స్వర్ణ పేజీ తెరిచింది. మళ్లీ పాతదే. ఏడుపొచ్చినంత పనైంది.

గది ఊడుస్తున్న యర్రమ్మ చీపురు ఆపింది. ఆఫీసు పుట్టినప్పటినుంచీ ఉన్న మనిషి, స్వర్ణకి వరసకి అత్త. "ఏటే గుంటా, అలగ గుడ్లప్పగించీసి సూత్తన్నావు?"

"కొత్తది పెట్టేను అత్తా. పాతదే అగుపిస్తంది."

"ఇంజనీరుబాబుకి ఫోను సెయ్యి."

"ఆయన ఆడతన్నాడు."

స్వర్ణ మూడు గంటలు ఆ ఫోల్డర్లన్నీ వెతికింది. మూడున్నరకి దొరికింది. కొత్త మూట పక్కనే అదే పేరుతో ఒక ఫోల్డరు ఉంది, ఫిబ్రవరి తేదీతో. మొదటి మూటని సర్వరు అప్పుడెప్పుడో అందులోకి విప్పుకుంది. అది ఉన్నంతకాలం, విప్పడం అయిపోయిందనుకుని దాన్నే నడుపుతోంది. కొత్త మూట ముడి కూడా విప్పలేదు. కంపెనీ పెద్దలు రెండుసార్లూ చూసుకోని సంగతి ఇదన్నమాట!

పాత ఫోల్డరు తీసేయాలి. ఇంక దేన్నీ ముట్టుకోవద్దని మోహన్‌కృష్ణ అన్నాడు. తీశాక కొత్తది లేవకపోతే రేపు సంతలో పాతదీ ఉండదు, పెద్ద ఊళ్లవాళ్లు కూడా వెనక్కి పోతారు. ఆఫీసరు వరహాలరావు తలుపు దగ్గరకొచ్చి గడియారం చూపించాడు. సాలూరు మనిషి, చెడ్డవాడు కాడు, కంగారు మనిషి.

"ఏటమ్మా, అవుద్దా అవదా? ఐదింటికి నాను ఫోను చెయ్యాల."

"అవుతుంది సార్," అంది స్వర్ణ. అన్నాక భయం వేసింది, కాని అనేసింది కదా.

సర్వరు ఆపింది. పాత ఫోల్డరుని చెరపకుండా వేరే డిస్కులోకి మార్చి దాచింది, అవసరమైతే తెచ్చి పెట్టుకోవచ్చని. సర్వరు తాత్కాలికంగా దాచుకున్న ముక్కలన్నీ ఊడ్చేసింది. మళ్లీ స్టార్ట్ చేసింది. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి, ఆగాయి, మళ్లీ పరుగెత్తాయి. నాలుగు నిమిషాలు. వరహాలరావు ఈలోగా రెండుసార్లు నీళ్లు తాగాడు.

పేజీ తెరుచుకుంది. కొత్త రంగు, కొత్త జాబితా, నూట నలభై గూడేలు. స్వర్ణ తన ఊరి పేరు వెతికింది. ఉంది. పక్కనే యర్రమ్మ ఊరూ ఉంది.

"మా ఊరేదే? సూపించు," అంది చదువు రాని యర్రమ్మ. స్వర్ణ చూపించిన చోట వేలు పెట్టి, అద్దం మీద మరక పడేదాకా తియ్యలేదు. స్వర్ణ ఆ మరక చూసి ఏడ్చేసింది. సంతోషానికే. ఐదుకి పది నిమిషాలు ఉండగా వరహాలరావు విశాఖకి ఫోను చేసి, అంతా తనే చేసినంత గట్టిగా మాట్లాడాడు.

ఐదున్నరకి జీపు వచ్చింది. మోహన్‌కృష్ణ నుదుటి నిండా కుంకం, మెళ్లో అడవిపూల దండ, ఒక కాలికి చెప్పు లేదు. లోపలికొచ్చి తెర చూశాడు, ఫోల్డరు చూశాడు.

"పాతది ఎవరు తీశారు?"

"నేనే సార్. దాచి ఉంచాను."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "రెండుసార్లు పెట్టాను. ఈ ఫోల్డరు నా కళ్లెదురుగానే ఉంది," అని తనని తనే తిట్టుకుని నవ్వాడు. పనుల పుస్తకంలో 'డిప్లాయ్ చేసినవారు' అన్నచోట స్వర్ణ పేరు తన చేత్తోనే రాశాడు. రాస్తున్నవాడి నెత్తిన యర్రమ్మ చెంబెడు నీళ్లు గుమ్మరించింది.

"ఏటకెళ్లి ఒట్టి సేతుల్తో వచ్చినోడికి మావాళ్లు పేడనీళ్లు పోత్తారు బాబూ. నువ్వు సుట్టానివని మంచినీళ్లు పోసినాను."

అప్పుడే స్వర్ణ జీపు వెనక చూసింది. పెద్ద అట్టపెట్టె. లోపల థర్మాకోల్, పైన విశాఖ అడ్రసు. పని అవ్వదని ముందే అనుకుని, సర్వరుని తీసుకుపోవడానికి తెచ్చుకున్నాడు! కోపం రావాల్సిందే గాని, ఆ తడిసిన అవతారం చూస్తే రాలేదు. పెట్టెని దింపించి వరండాలో పెట్టించింది.

మర్నాడు సంతలో సాయంత్రం దాకా వరస తెగలేదు. స్వర్ణ మేనమామ మొదటే నిలబడ్డాడు. ఊరి పేరు అడిగితే రెండుసార్లు చెప్పాడు, రెండోసారి సరదాకి.

శనివారం జీపెక్కబోతూ మోహన్‌కృష్ణ వరండా అంతా వెతికాడు. "పెట్టె ఏదీ? కంపెనీకి తిరిగివ్వాలి."

"మా ఇంటికాడున్నాది బాబూ," అంది యర్రమ్మ. "కోడి పొదుగుతన్నాది. ఇరవయ్యొక్క రోజులు దాన్ని కదపకూడదు."

మోహన్‌కృష్ణ స్వర్ణ వైపు చూశాడు.

"కావాలంటే రసీదు రాసిస్తాను సార్," అంది స్వర్ణ.