వేట మాంసానికి తిట్లు

బస్సు దిగి మంచులో నడుస్తున్నంతసేపూ నిఖిలకు చలి తెలియలేదు. లోపల అంత మంటగా ఉంది.

కెనడాలోని బ్రాంప్టన్‌లో ఆ బేస్‌మెంటులో ఉండేది ముగ్గురు. నిఖిల, ప్రియ, స్వీటీ. ముగ్గురిదీ ఒకే కాలేజీ. ప్రియకు వేర్‌హౌస్‌లో పని ఉంది, స్వీటీకి ఒక ఇండియన్ రెస్టారెంట్లో. నిఖిలకే ఏదీ దొరకలేదు. ఈ టర్మ్ అయ్యేలోగా దొరక్కపోతే చదువు ఆపేసి తిరిగి వెళ్లాల్సిందే. ఆ సంగతి ప్రియకు బాగా తెలుసు. రాత్రిళ్లు పక్క పరుపు మీద నిఖిల ఏడుస్తూ ముక్కు ఎగబీల్చుకోవడం విన్న మనిషే.

ఇందాక బస్సులో కలిసిన అమ్మాయి ప్రియతో కలిసి పనిచేసేదే. ఏ దురుద్దేశమూ లేకుండా మాటల్లో అనేసింది. "మా సూపర్‌వైజర్ ముందు ప్రియనే అడిగాడు, తెలిసినవాళ్లుంటే తీసుకురమ్మని. ఎవరూ లేరంది. అందుకే మా చెల్లిని పెట్టించా."

ఎవరూ లేరంది.

ఆ ముగ్గురి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తెచ్చిపెట్టింది నిఖిలే. ఆదిమ సమాజాల గురించి క్లాసులో విన్నది వచ్చి చెప్పింది. కొన్ని వేట తెగల్లో పెద్ద జంతువును కొట్టినవాడు గొప్పలు చెప్పుకోకూడదట. మిగతావాళ్లు ఆ మాంసాన్ని తిట్టాలట, ఈ ఎముకల పోగు కోసమా మమ్మల్ని ఇంత దూరం నడిపించావు అని. తిట్టి, అందరూ పంచుకు తినాలి. వాడికి పొగరెక్కకూడదు, తమలో ఒకడిగానే ఉండాలి.

అది ముగ్గురికీ తెగ నచ్చేసింది. స్వీటీ రెస్టారెంట్ నుంచి బిర్యానీ డబ్బా తెస్తే, "దీని పక్క నుంచి కోడి నడిచిపోయినట్టుందే" అనేది ప్రియ. వండినవాళ్లు వడ్డించకూడదు, ఇంకొకరు వడ్డించాలి. ఎక్కడ పని ఉందని తెలిసినా అంతే, దాచుకోకూడదు, ఇంట్లో చెప్పాలి. ఆ ఆఖరి మాట కలిపింది ప్రియే.

నిఖిల తలుపు తీసేసరికి ప్రియ పొయ్యి దగ్గర కోడికూర కలుపుతోంది.

"సూపర్‌వైజర్ అడిగితే ఎవరూ లేరన్నవంట?"

ప్రియ గరిటె ఆపింది. వెనక్కి తిరగలేదు.

"షిఫ్టులు ఇప్పటికే తగ్గిస్తున్నరే. నువ్వు నాకంటే జల్ది చేస్తవు. నువ్వొస్తే నన్నే తీసేస్తరు."

"వేరేవాళ్లొస్తే తియ్యరా?"

"వాళ్ల పని నాకు తెల్వదు. నీది తెలుసు."

నిఖిల కోటు విప్పి, చేతులు కడుక్కుని, గిన్నె అందుకుని వడ్డించింది. పెద్ద లెగ్‌పీసు ప్రియ కంచంలోనే వేసింది.

అప్పుడే స్నానం చేసి వచ్చిన స్వీటీకి ఇదేమీ తెలియదు. ఒక ముద్ద తిని మొహం చిట్లించింది. "ఏంటే ఇది? ఉప్పు కోసం కాకినాడ దాకా వెళ్లొచ్చావా?"

ప్రియ గబుక్కున నవ్వి నిఖిల వైపు చూసింది. తర్వాతి తిట్టు నిఖిలది.

"చాలా బాగుందండీ, ప్రియ గారూ" అంది నిఖిల.

స్వీటీ నీళ్ల గ్లాసు అందుకోబోయి ఆగిపోయింది.

"అట్లనకే" అంది ప్రియ. "ఉప్పు కషాయమైంది. నాకు తెలుస్తలేదా?"

"లేదండీ. సరిగ్గా కుదిరింది."

"రేపు పోయి అడుగుతనే సూపర్‌వైజర్‌ను. నీ పేరు చెప్త."

"మీ ఇష్టమండీ."

"ఓ మాట తిట్టవే, నిఖిలా."

నిఖిల కూరలో అన్నం కలుపుకుంది. నాలుక మండిపోతున్నా ఒక్క మెతుకు వదలకుండా తిని, కంచం కడిగి బోర్లించింది. తర్వాత తన పరుపును ప్రియ పరుపు పక్క నుంచి లాగి, హీటర్ లేని అవతలి గోడ దగ్గర వేసుకుంది.