ఇసుక మీద ముగ్గు

నేను ఒక ఇసుక బకెట్‌ని. ఒళ్ళంతా ఎర్రరంగు పూసి, పొట్ట మీద తెల్లగా 'ఫైర్' అని రాసి, గోడ కొక్కేనికి తగిలించి, ఆ తరువాత అందరూ మరిచిపోయే రకం బకెట్‌ని. నన్ను మీరు చూసే ఉంటారు. సినిమా హాలులో నాలో కిళ్ళీ ఉమ్మేసి కూడా ఉంటారు. మొహమాటపడకండి, నాకు అలవాటే.

రాజమండ్రిలో ఒక రేకుల దుకాణంలో పుట్టాను. నన్ను చేసిన ఆచారి గారు మిగతా బకెట్లన్నిటికీ చదునైన అడుగు వేసి, నాకు మాత్రం గుండ్రంగా కొట్టారు. అడుగు చదునుగా ఉంటే జనం ఎత్తుకుపోయి ఇంట్లో నీళ్ళు పట్టుకుంటారట. నేల మీద నిలవలేని బకెట్ జోలికి దొంగ కూడా రాడట. మనుషులకి మనుషుల మీద ఉన్న నమ్మకం ఏపాటిదో నాకు పుట్టిన రోజే తెలిసిపోయింది. అయినా ఎందుకో వాళ్ళంటే నాకు ఇష్టమే.

మొదట నన్ను ఒక టూరింగ్ టాకీసు వాళ్ళు కొన్నారు. అక్కడ బీడీ ముక్కలు తప్ప నేను చూసిందేమీ లేదు. తెర నాకు కనపడేది కాదు, ఏడుపులూ పాటలూ మాత్రం వినపడేవి. టాకీసు మూతపడి సామాను వేలం వేసినప్పుడు, కోనసీమలో పెదవాడపాలెం హైస్కూలు హెడ్మాస్టరు బులిరాజు గారు నన్ను తీసుకెళ్ళి సైన్సు ల్యాబు గుమ్మం పక్కన తగిలించారు.

తగిలించారు గానీ, ఆ ల్యాబుకి ఎప్పుడూ తాళమే. ఇన్‌స్పెక్షన్‌కి పెద్దలొస్తే తీసేవారు, వాళ్ళ జీపు మలుపు తిరగ్గానే మళ్ళీ వేసేవారు. లోపల గాజు సామాను దుమ్ము పట్టేది. బయట పిల్లలు ప్రయోగాలన్నీ బట్టీ పట్టేవారు. నీలి లిట్మస్ ఎర్రగా మారునని గడగడా అప్పజెప్పేవారు గానీ, ఆ లిట్మస్ కాగితం ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్ళు కాదు. బులిరాజు గారు చెడ్డమనిషి కారు. పిల్లలంటే ప్రాణం పెట్టేవారు. కానీ ఆ గుమ్మం ముందునుంచి వెళ్ళేటప్పుడు మొహం తిప్పుకునేవారు. కారణం నాకు అప్పట్లో తెలియదు.

కొన్నాళ్ళకి ఎస్తేరు టీచరు బదిలీ మీద వచ్చింది. వచ్చీ రాగానే మోచేతి దాకా నాలో చెయ్యి పెట్టింది. చింతపిక్కలు, సుద్దముక్కలు, కోడిగుడ్డు పెంకులు, ఎవరో పోగొట్టుకున్న కంపాసు, అన్నీ బయటికి తీసింది. ఇసుకంతా జల్లించి, ఎండబెట్టి, మళ్ళీ నింపింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా నన్ను చెత్తబుట్టగా కాక బకెట్‌గా చూసినవాళ్ళు లేరు మరి.

ఆ చేతి దుమ్ము దులుపుకుంటూనే ఆవిడ హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వరండాలోకి వచ్చి నా పక్కనే నిలబడి మాట్లాడారు.

"ఏవమ్మా, బోర్డు మీద బొమ్మేసి చెబితే పిల్లలకి అర్థం కాదా? ఎందుకొచ్చిన గొడవ చెప్పు."

"కాలవలో ఈత బోర్డు మీద నేర్పలేం కదండీ."

ఆయన చాలాసేపు గునిసి, చివరికి తాళం తీశారు. "తీస్తన్నాను. కానీ ఒక్క పిల్లకి చిటికెన వేలు కాలినా మళ్ళీ తాళం పడిపోద్ది. నేనున్నంత కాలం ఇంక తియ్యను" అన్నారు.

అప్పుడు ఆవిడ ఒక కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి ప్రాక్టికల్‌కీ ముందు పిల్లలందరూ వరసగా లేచి తలా ఒక భయం చెప్పాలి. భయం లేదన్నవాళ్ళకి ఆ రోజు పరీక్షనాళిక ముట్టుకునే యోగం లేదు. ఒక్కొక్క భయానికీ "అలా జరక్కుండా ఏం చేద్దాం?" అని మళ్ళీ వాళ్ళనే అడిగేది. జడలు ముడేసుకోవడం, చున్నీలు దోపుకోవడం, నాళిక మూతి పక్కవాళ్ళ వైపు పెట్టకపోవడం, ఇవన్నీ వాళ్ళు చెప్పుకున్నవే. పిల్లలు దానికి భయాల పీరియడని పేరు పెట్టారు. "సోడియం ముక్కని మా తమ్ముడు మింగేస్తేనండీ?" అని అడిగిన మహానుభావులూ ఉన్నారు. ఆ తమ్ముడు చదివేది వేరే బళ్ళో. స్టాఫ్‌రూములో మాత్రం ఎస్తేరు గారు పిల్లల్ని పిరికివాళ్ళని చేస్తోందని నవ్వుకునేవారు.

సోడియాన్ని నీళ్ళలో వేసే ప్రాక్టికల్ రోజు వచ్చింది. దాన్ని చూడడానికి హెడ్మాస్టరు గారే వస్తానన్నారు. పదో తరగతి ఆడపిల్లల సంబరానికి పట్టపగ్గాల్లేవు. ఫస్ట్ బెల్లు కొట్టకముందే ప్రమీల అనే పిల్ల అందరినీ పోగేసుకొచ్చింది. వరండా ఊడ్చారు, కళ్ళాపి చల్లారు, గుమ్మానికి మావిడాకులు కట్టారు. ఆ ఊపులో నన్ను కూడా వదల్లేదు. పొడి ఇసుక మీద ముగ్గు నిలవదని చెంబుడు నీళ్ళు పోసి, అరచేత్తో చదును చేసి, పద్మం ముగ్గు వేసి, నడిమధ్య బంతిపువ్వు పెట్టారు. నేను పొంగిపోయాను. నాకు ముగ్గెవరు వేశారు గనక? హెడ్మాస్టరు గారు కూడా ఆగి చూసి, "భలే ఉందే!" అంటూ లోపలికెళ్ళారు.

భయాల పీరియడు మొదలైంది. ముందు బెంచీలో కూర్చున్న ఆయనతో ఎస్తేరు టీచరు, "మీరు కూడా ఒకటి చెప్పాలండి" అంది. ఆయన ముందు నవ్వేశారు. తరువాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వెనక నేను పనిచేసిన బళ్ళో ప్రాక్టికల్ జరుగుతుంటే ఒక పిల్లాడి చేతి మీద యాసిడ్ పడిపోయింది. నా సైకిల్ మీదే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా 'మండుతుంది మాస్టారూ' అంటానే ఉన్నాడు. నా భయం అదేనర్రా."

ఆ తరువాత ఒక కుర్రాడు లేచి, సోడియం ముక్క ఎగిరి బల్ల మీద పడి అంటుకుంటే ఎలాగని అడిగాడు. "నీళ్ళు పోస్తే ఇంకా భగ్గుమంటుంది. మరేం చేద్దాం?" అంది టీచరు. "పొడి ఇసుక పోద్దామండీ!" అని క్లాసంతా ఒక్కసారి అరిచింది.

ప్రమీల మాత్రం అరవలేదు. తలుపులోంచి నా వైపు చూసింది. నా కడుపులో నీళ్ళ బరువు నాకూ అప్పుడే గుర్తొచ్చింది. పిల్ల నోరు మూసుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఏమీ జరక్కపోవచ్చు కూడా. నోరు విప్పితే ఆ పెద్దమనిషి ఎదురుగానే ఉన్నాడు, తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. చెప్పవే తల్లీ, చెప్పు, అని నేను లేని నోటితో మొత్తుకున్నాను.

ప్రమీల లేచింది. "టీచర్, ఇసుక పొడిగా లేదండి. ముగ్గు నిలవాలని నీళ్ళు పోశామండి. నేనే పోశానండి." ఆపైన వెక్కిళ్ళు వచ్చేశాయి. "సార్, ల్యాబుకి తాళం వెయ్యకండి సార్."

టీచరు పరుగున వచ్చి నాలో చెయ్యి పెట్టింది. చేతికి తడి ఇసుక అంటుకొచ్చింది. తిరిగి వెళ్ళి సోడియం సీసాకి మూత బిగించి బీరువాలో పెట్టింది. "ఈ రోజు ప్రాక్టికల్ లేదు. నిన్న చూశాను కదాని పొద్దున నేను మళ్ళీ చూసుకోలేదు. తప్పు నాది కూడా" అంది.

ఇక అందరి కళ్ళూ హెడ్మాస్టరు గారి మీదే. ఆయన బయటికి వచ్చి ముగ్గు మీద వేలు పెట్టి, తడి చూసుకున్నారు.

"అమ్మాయ్, ఆ బళ్ళో యాసిడ్ సీసా బీటలు వారిందని పిల్లలు ముందే చూశారంట. నేనంటే హడలు. ఒక్కళ్ళూ నోరు విప్పలేదు." ఆయన లోపలికి వెళ్ళి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నారు. "నువ్వు చెప్పావు. కళ్ళు తుడుచుకుని కూర్చో. ఊఁ, తర్వాతెవరు? ఇంకేం భయాలున్నాయో చెప్పండి, అన్నీ వింటాను."

నేను ఎండలో బాగా ఆరాక ఆ ప్రాక్టికల్ జరిగింది. బియ్యపు గింజంత సోడియం ముక్క నీళ్ళ మీద బుస్సుమని పరుగులు తీస్తుంటే ముందు చప్పట్లు కొట్టింది బులిరాజు గారే. ఆ సాయంత్రం ఎస్తేరు టీచరు నా ఇసుక నిమిరి, "నీతో మాకు పని పడకూడదే తల్లీ" అంది. అంతకంటే చల్లగా నన్నెవరూ దీవించలేదు.

ఇప్పుడు ఆ గోడకి మంటలార్పే గ్యాసు సిలిండరు వచ్చింది. నన్ను పాత ఇనుముకి వేసేశారు. తీసుకెళ్ళడానికి వచ్చినతను ఇసుక పారబోసి, నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటండీ ఇది, ఇన్నేళ్ళున్నా ఒక్క మంట మీదా వాడలేదా?"

"లేదు బాబూ, ఒక్కసారి కూడా వాడలేదు" అంది ఎస్తేరు టీచరు, తన మెళ్ళో పతకం చూపిస్తున్నంత గర్వంగా.