డొరీన్ చేసిన కేకు

మా ఆడబిడ్డ డొరీన్ ఏటా మార్చిలో తన వంటగది బల్ల దగ్గర కూర్చుని ఇంటిల్లిపాది ఆదాయపు పన్ను రిటర్నులూ నింపుతుంది. ఇక్కడ అమెరికాలో, మాంటానా పల్లెల్లో జుట్టు కత్తిరించడం ఎలాగో ఇదీ అంతే. ఇంట్లో ఒకరికి చేతనైతే బయటికి ఎవరూ వెళ్ళరు. నేను చూడకుండానే సంతకం పెట్టేదాన్ని. ఈసారి రిటర్ను పంపేశాక, కొత్త కళ్ళద్దాలు వచ్చాయి కదా అని కాపీ తీసి చదివాను. నా పేరు కింద, పెళ్ళే కానట్టు, ‘ఒంటరి’ అని ఉంది. మా ఆయన హార్లన్‌కి వేరే రిటర్ను. అందులోనూ అదే మాట.

ఫోను చేశాను.

“మీకు పెళ్ళి కాయితం ఏదీ?” అంది డొరీన్. “చట్టం లెక్కన నువ్వు మా తమ్ముడి స్నేహితురాలివి, లవెర్న్. కోప్పడకు.”

ఇద్దరు పిల్లల్ని పెంచి, ఆమె తల్లికి చివరిదాకా స్నానం చేయించిన స్నేహితురాలిని!

మా పెళ్ళిరోజున మంచు తుఫాను. పాస్టరు కారు దారిలోనే కూరుకుపోయింది. చుట్టాలు మాత్రం ముందే హాలుకి చేరారు. వండినవి పాడుచేయడం ఎందుకని తిన్నారు, డాన్సు చేశారు. చివర్లో హార్లన్ అందరి ముందూ, “ఇక మనం మొగుడూ పెళ్ళాలం. పద ఇంటికి” అన్నాడు. వెళ్ళాం. తర్వాత ఆవుల ఈతలు, గడ్డి కోతలు, పిల్లలు. పాస్టరు సంగతే మరిచిపోయాం.

లైబ్రరీలో ఉచితంగా పన్ను సాయం చేసే ఓస్టబీ టీచరు ఇదంతా విని నవ్వింది.

“మన రాష్ట్రంలో ఇద్దరూ ఒప్పుకుని కాపురం చేస్తూ, ఊరు కూడా దంపతులనే అనుకుంటే అది పెళ్ళే. ‘దంపతులు, ఉమ్మడిగా’ అని దిద్ది పంపుదాం. కానీ ఆయన కూడా సంతకం పెట్టాలి.”

అదే నా అనుమానం, పెడతాడా అని. ‘మొగుడూ పెళ్ళాలం’ అన్న మాట హార్లన్ మళ్ళీ ఎప్పుడూ నోటితో అనలేదు. పశువులతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

ఆదివారం డొరీన్ ఇంట్లో భోజనాల దగ్గర, సవరణ రిటర్ను తీసి హార్లన్ పళ్ళెం పక్కన పెట్టాను.

“పెళ్ళి జరిగిందనడానికి సాక్షి ఎవరట?” అంది డొరీన్.

“నువ్వే. ఆ రోజు మూడంతస్తుల కేకు చేసుకొచ్చావుగా, దేనికి?”

“పెళ్ళికి.”

“ఎవరి పెళ్ళికి?”

డొరీన్ ఫోర్కుతో బంగాళదుంపను పొడిచింది.

హార్లన్ చేతులు తుడుచుకున్నాడు. “పెన్నుందా?”

“చదవవా?” అన్నాను.

“ఏముంది చదవడానికి? నువ్వు నా పెళ్ళానివని ఆ రోజే అందరికీ చెప్పాను. అక్క కూడా వింది, నోటినిండా కేకు పెట్టుకుని.” పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేసి కాయితం నా వైపు తోశాడు.

దాని పక్కన నా సంతకం పెట్టాను. ఇన్నేళ్ళలో నా చేతిరాత అంత చక్కగా ఎప్పుడూ రాలేదు.

“ఇంతకీ ఆ కేకు బాగుందా లేదా? ఒక్కరూ చెప్పి చావలేదు,” అంది డొరీన్.

“కొంచెం గట్టిగా ఉండింది,” అన్నాను.

“మా తమ్ముడి పెళ్ళానికి నోరు ఎక్కువ!” అని, కాయితం లాక్కుని కవర్లో పెట్టి తనే అంటించింది.