పగలని పుచ్చకాయ

ఆ వారమంతా సురేందర్ కాళ్లు నేల మీద నిలవలేదు. హంగేరిలో జింకల వేటకు ఈసారి నిన్నూ తీసుకుపోతానని అబూ రాషిద్ ముసలాయన మాటిచ్చాడు మరి. భుజానికి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన పెద్ద రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకోలేడు. చిన్న క్యాలిబర్ రైఫిలే గతి. సామాను మోయడానికి, గుట్టలెక్కేటప్పుడు చెయ్యందించడానికి ఓ తోడు కావాలి. ఏళ్ల తరబడి ఆయన కారు నడుపుతున్న సురేందర్‌ను మించిన తోడెవరు? ఈ కబురు జగిత్యాల పక్క పల్లెలో ఉన్న భార్య సుమలత చెవిన పడగానే ఊరంతా చాటింపైపోయింది. సురేందర్ ఉండేది దోహాలోనైనా ఆ ఊరికి గల్ఫంతా దుబాయే; దుబాయ్‌లో అడవెక్కడిదని అడిగినవాళ్లూ ఉన్నారు. అయినా ఆమె చెప్పడం మానలేదు.

అయితే ఈ ప్రయాణానికి ఒక చిక్కుంది. నిరుడు ఇదే చిన్న రైఫిల్‌తో ముసలాయన కొట్టిన జింక పడిపోలేదు. గాయంతోనే అడవిలోకి పరుగెత్తింది. పొద్దుగూకేదాకా వెతికినా జాడ లేదట. బిస్మిల్లా అని గురిపెట్టే మనిషికి, ఒక ప్రాణిని సగం చంపి వదిలి రావడం ఎంత నరకమో ఆ ముఖం చూస్తే తెలిసేది. జింకను బాధపెట్టకుండా పడేసే తూటా దొరికితేనే వేట, లేకపోతే రైఫిల్ అమ్మేస్తానని తేల్చేశాడు. అంటే సురేందర్ హంగేరి కూడా ఆ తూటా మీదే ఆధారపడి ఉందన్నమాట.

తూటాలు తెచ్చింది హమీదుద్దీన్. కరీంనగర్ మనిషి, దోహాలో వేట సామాన్ల దుకాణంలో కొత్తగా చేరాడు. తూటాల గురించి తనకు తెలిసింది డబ్బాల మీద రాసినంతేనని దాచకుండా చెప్పేస్తాడు. రెండు రకాలు తెచ్చాడు. ఒకటి నిరుడు ముసలాయన వాడిందే, తేలికది, మహా వేగం. రెండోది బరువైనది, రాగి తొడుగు మందం, కాస్త నిదానం. తడిపిన కాగితాల కట్టలను కొట్టి చూడమని, కండలోకి తూటా ఎంత లోతు పోతుందో అవే చెబుతాయని దుకాణం యజమాని అతనికి చెప్పి పంపాడు.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ మదీనత్ అల్ షమాల్ దారిలోని షూటింగ్ రేంజికి చేరారు. సురేందర్ ముందురోజే పాత పేపర్లు నానబెట్టి రెండు కట్టలు కట్టాడు. తేలిక తూటాకు ఎర్రతాడు కట్ట, బరువుదానికి తెల్లతాడు కట్ట. ఎవరూ అడక్కుండానే రెండు పుచ్చకాయలు కూడా తెచ్చాడు. వాళ్ల ఊళ్లో దసరాకు ట్రాక్టర్ ముందైనా సరే గుమ్మడికాయ పగలగొట్టందే తాళం తిప్పరు. రైఫిల్‌కు మాత్రం దిష్టి తగలదా? బూడిద గుమ్మడికాయ కోసం మెసైమీర్ దుకాణాలన్నీ గాలించి, దొరక్క పుచ్చకాయలతో సరిపెట్టుకున్నాడు.

ముందు కట్టల పని కానిచ్చారు. ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి, ముసలాయన ఒక్కో కట్టను ఒక్కో తూటాతో కొట్టాడు. రెండింటికీ నడిమధ్యలో చిన్న బొక్క. చూడ్డానికేం లేదు. సురేందర్ ఆగలేక, కట్టలు విప్పకముందే, రేంజివాళ్ల అనుమతి దొరకగానే పరుగున పోయి పుచ్చకాయలు పెట్టి వచ్చాడు.

తేలిక తూటా తగిలిన కాయ ఢామ్మని పేలింది. ఎర్రటి గుజ్జు ఎక్కడెక్కడో ఎగిరిపడింది. సురేందర్ పసిపిల్లాడిలా గంతులేశాడు.

“చూసినవా హమీద్ భాయ్, దిష్టంత పోయింది. ఇగ ఇదే తూటా. ఇంకోటి చూసుడే అవసరం లేదు.”

బరువు తూటాకు రెండో కాయ కాస్త ఊగింది, అంతే. చిన్న బొక్కతో ఉన్నచోటే కూర్చుంది. పగలని కాయ అపశకునమని సురేందర్ మూతి ముడిచాడు.

ముసలాయన మాత్రం నవ్వలేదు. రైఫిల్ ఖాళీ చేసి పెట్టెలో పెట్టేశాడు. నిరుడు వాడింది కూడా ఈ తేలిక తూటానే కదా అన్నాడు. కాయను ఇలా తునాతునకలు చేసే తూటా జింకను పడేయలేదంటే, దోషం తూటాది కాదు, గురి తప్పిన ఈ ముసలి చేతిది. ఖలాస్ అని పెట్టె మూసి, కారు వైపు నడిచాడు.

సురేందర్ గుండె జారిపోయింది. హంగేరి ప్రయాణం చేజారినందుకు కాదు, ఒంగిపోయిన ఆ వీపు చూసి.

“నువ్వా కాయలు తేకుంటె అయిపోతుండె గద తమ్మీ,” అన్నాడు హమీదుద్దీన్ నీరసంగా.

ఇక సామాను సర్దడమే మిగిలింది. తన మీద తనకే మండి, సురేందర్ ఎర్రతాడు పటుక్కున తెంపాడు. తడి కాగితాలు విడిపోయాయి. నాలుగు వేళ్ల లోతులో పెద్ద గుంట, అందులో రాగి చీలికలు, సీసం పొట్టు. ఆ కింద ఒక్క కాగితం కూడా చెక్కుచెదరలేదు. గబగబా తెల్లతాడు తెంపాడు. బొక్క పోతూనే ఉంది, పోతూనే ఉంది. అట్టడుగు కాగితాల్లో దొరికింది తూటా. ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకుంది, ఒళ్లు మాత్రం ఒక్క ముక్కగానే ఉంది.

“భాయ్, ఎర్రతాడుది లోపటికే పోలే,” అన్నాడు సురేందర్. పొట్టు అతని ముందు పెడుతూ మళ్లీ తనే అన్నాడు.

“పైననే పలిగింది. జింక ఎముకకు తగిలితె ఇంక ముంగట్కి ఏం పోతది? నిరుడు గిదే అయ్యుంటది.”

ఇద్దరూ నీళ్లు కారుతున్న కట్టలతో కారు దగ్గరికి పరుగెత్తారు. ముసలాయన ఒక అరచేతిలో పొట్టు, రెండో అరచేతిలో పుట్టగొడుగు పెట్టారు. పుచ్చకాయలో ఉన్నది నీళ్లే, ఎముకా కండా కాదు కాబట్టి అంతలా పేలిందని హమీదుద్దీన్ ఉర్దూలో, వచ్చినంత అరబీలో వివరించాడు. ముసలాయన ఆ పొట్టును వేలితో చాలాసేపు కెలికాడు.

“మేరా హాథ్… మాఫీ ముష్కిల్?” అని అడిగాడు చివరికి, తన చేతిలో ఏ లోపమూ లేనట్టేనా అని.

సురేందర్ ఎర్రతాడు కట్ట పైకాగితం ఎత్తి చూపించాడు. బొక్క సరిగ్గా నడిమధ్యలో ఉంది.

“మాఫీ ముష్కిల్, బాబా. హాథ్ బిల్కుల్ సీదా.”

ముసలాయన కళ్లు నిండాయి. ఆ దొరకని జింక కోసం కొంత, తన చేతి కోసం కొంత. వెంటనే యల్లా, పదండి అంటూ లేచి, పెట్టె తెరిచి, బరువు తూటాలకు గురి సవరించుకుంటూ డబ్బా ఖాళీ అయ్యేదాకా కొట్టాడు. బొక్కలన్నీ అరచేతంత మేరలోనే పడ్డాయి. సురేందర్ ఈసారి గంతులేయలేదు, నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాడు. తర్వాత ముసలాయన కత్తి అడిగి పగలని పుచ్చకాయను తన చేత్తోనే కోశాడు. బొక్క చుట్టూ కొంచెం తీసేస్తే మిగతాదంతా చల్లగా, తియ్యగా ఉంది. తింటూ తింటూ, రేపు పాస్‌పోర్టు తెచ్చివ్వమన్నాడు.

సుమలతకు ఫోన్ చేస్తే ఆమె మొట్టమొదట అడిగింది దిష్టికాయ మంచిగా పగిలిందా అనే.

“పగల్లేదే,” అన్నాడు సురేందర్ నోటినిండా పుచ్చకాయతో. “పగలలేదు గన్కనే పోతున్నం.”