ఉరికే వరుస

రాందాస్ ఆ పొద్దు కూడా కంప్యూటర్లో పసుపు ధరలు కొట్టి, ముందొకటి వెనకొకటి అక్షరాల్ని ఉరికించే మార్క్వీ ట్యాగులు తగిలించాడు. అంతే, కొమ్ముల కాడి ధర, దుంపల గోళ ధర తెర మీద కుడి నుంచి ఎడమకు పరుగందుకున్నాయి.

ఇరవై ఏళ్ల కింద బోధన్ బస్టాండు పక్క కంప్యూటర్ సెంటర్లో నేర్చిన విద్య అది. నిజామాబాద్ యార్డులో వ్యాపారుల సంఘం వెబ్ పేజీ అతని చేతి మీదే నడుస్తోంది. అక్షరాల్ని మిణుకుమనిపించే బ్లింక్ ట్యాగును బ్రౌజర్లు ఎన్నడో వదిలించుకున్నాయి. మార్క్వీని మాత్రం ప్రమాణాలు రాసే పెద్దలు వద్దన్నా ఎవరూ గెంటలేదు. పిలవని చుట్టం పీట వదలనట్టు ఉండిపోయింది. నేటి పిల్లలు చూస్తే నవ్వుతారని తెలిసినా, ఉరికే అక్షరాలను చూస్తే రాందాస్‌కు ఛాతీ ఉబ్బేది.

కాంటా దగ్గర తూకం వేసే భూమన్న రోజూ ఫోనులో ఆ పేజీ పట్టుకుని సంఘం గదికి వచ్చేవాడు. కూడబలుక్కుని చదివే మనిషి. సగం చదివేసరికి మాట తెర అంచు దాటేది.

"రాందాసన్నా, జర ఆపరాదే. సదువుకుంట."

"ఉరికితెనే అందం భూమన్నా. మౌస్ పెడితె ఆగుతది."

"ఫోన్ల మౌస్ ఏడ పెట్టాలె?"

గదిలో అందరూ నవ్వేవారు. రాందాస్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. భూమన్న కూడా నవ్వినట్టే చేసి వెళ్లిపోయేవాడు.

ఆ పొద్దు అతను రాలేదు. మధ్యాహ్నం సంఘం సెక్రటరీ బాపురావు వచ్చాడు.

"భూమన్న రాత్రి నిద్రలనే పోయిండట. పేజీల పెట్టు."

రాందాస్ వేళ్లు అలవాటుగా ఆడాయి. 'శ్రీ భూమన్న గారు స్వర్గస్థులైనారు.' ముందూ వెనకా అవే ట్యాగులు. ధరల వెనకే భూమన్న కూడా పరుగెత్తాడు.

సాయంత్రం భూమన్న బిడ్డ పుష్పలత ఫోను చేసింది.

"అన్నా, అవ్వకు బాపు పేరు సూపెడుతున్న. సగం సదివేసరికే ఉరుకుతాంది. జర ఆపరాదే."

రాందాస్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ ఆ మనిషి అడిగిందీ ఇదే. రెండు ట్యాగులు చెరిపితే తీరే పని. చెయ్యకపోగా నవ్వాడు. "ఆపుతనే చెల్లె," అని ఫోను పెట్టేశాడు.

చెరిపాడు. పేరు నిలిచింది. ధరల ట్యాగులూ తీసేశాడు. పేజీ ఇప్పుడు బుద్ధిగా ఉంది, అడిగినవాడే లేడు. సిగ్గుతో స్క్రీను వంక చూడలేక లేచాడు.

చావింటికి వెళ్లే ముఖం లేక తూకాల షెడ్డులోకి నడిచాడు. కాంటా పక్కన మేకుకు భూమన్న కళ్లద్దాలు వేలాడుతున్నాయి. విరిగిన కాడకు గోనె దారం చుట్టి ఉంది, అద్దాల మీద సన్నగా పసుపు.