ఎరుపు రాని చీటీ

మా ల్యాబ్‌లో పాత ప్రింటర్ మూలపడిన రోజే నేను మొత్తుకున్నాను. వింటేగా!

కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి మా దగ్గర రక్తపరీక్షకు వచ్చేవాళ్లలో చాలామందికి చదువు రాదు. వాళ్లకు మేమే నేర్పాం: చీటీ మీద ఎర్ర అక్షరాలు పడితే నేరుగా పెద్దాసుపత్రికి, అంతా నల్లగా ఉంటే ఇంటికి. ప్రమాదం అంకె రాగానే కంప్యూటర్‌లోని పాత సాఫ్ట్‌వేర్ ఒక కోడ్ పంపేది. దాంతో సగం నలుపు, సగం ఎరుపు సిరా ఉన్న ప్రింటర్ రిబ్బన్ ఎర్ర సగానికి మారేది.

కొత్త ప్రింటర్‌కు అసలు రిబ్బనే లేదు, అన్నీ నల్లగానే పడతాయి. బిగించడానికి వచ్చిన తౌఫిక్ ఒక చీటీ తీసి చూసి తల గోక్కున్నాడు.

“కృపక్కా, ఎరుపు కోడ్ పోతానే ఉండాది. ఈ మిషన్‌కే అది తెలీదు. దాని బదులు నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలొచ్చే కోడ్ పెడతా. అరగంట కౌంటర్ మూయాల.”

“జ్వరాల సీజన్‌లో మూసేదా? ఆదివారం చూద్దాంలేప్పా. అంకె పడతాండాది కదా,” అన్నాడు ఓనర్ రామాంజి.

“ఆ అంకె చదివేదెవరన్నా? ఈళ్లకు మనం నేర్పింది ఎరుపే కదా!”

“నువ్వు పోయి రక్తం తియ్యి తల్లీ.”

ఒళ్లు మండిపోయింది నాకు. చీటీలు ఇచ్చేది ఆయనే, నేను లోపల సూదులతో ఉంటాను. అందుకే ఎర్ర స్కెచ్ పెన్ను కొనుక్కొచ్చి, ప్రమాదం అంకె కింద గీత గీయమని ఆయన చేతిలో పెట్టాను. సరేనన్నాడు మహానుభావుడు.

మర్నాడు నల్లమ్మ తన మొగుడు లింగన్నను తీసుకొచ్చింది. డెంగీ జ్వరం. రక్తం తీసి పంపాను. మధ్యాహ్నం జనం తగ్గాక కంప్యూటర్‌లో చూస్తే ప్లేట్‌లెట్లు అడుగంటిపోయి ఉన్నాయి.

“అన్నా, లింగన్న చీటీకి గీత గీసినావా?”

రామాంజి బల్ల మీది పెన్ను వైపు చూశాడు. పెన్ను మూత కూడా తీసినట్టు లేదు.

వెంటనే నల్లమ్మకు ఫోన్ చేశాను.

“ఎరుపు పడలేదు కదమ్మా! బస్సెక్కి ఊరికొచ్చేసినాం. పండుకోనుండాడు,” అంది సంబరంగా.

“లేపు! ఇప్పుడే లేపమ్మా, ఆసుపత్రికి పోవాల!”

లేపింది. లేపుతూనే ఉంది. ఫోన్ పక్కన పడేసినట్టుంది, ఆమె పిలుపులన్నీ నాకు వినబడ్డాయి.

ఖననం అయ్యాక, ఒక పొద్దున ఆమె ల్యాబ్‌కు వచ్చింది. పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడినా బాగుండేది.

“నా కంట్లో పొర ఉండాది తల్లీ. ఎరుపు పడినా నాకు కానరాలేదేమో. నేనే సంపుకున్నా.”

“పెద్ద వయసు కదా, అట్లనే అయితాది,” అన్నాడు రామాంజి గబగబా.

ఛీ, ఏం మనిషి! ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

“నీ కండ్లకేం కాలేదు నల్లమ్మత్తా,” అన్నాను అందరికీ వినబడేలా. “ఎరుపు రాలేదు. ఈ మిషన్‌కు ఎరుపే రాదు. తెలిసి కూడా మేం చెప్పలేదు.”

బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే తమ చీటీలు విప్పి చూసుకోసాగారు.